కోట వాటా, ఓడ వాటా

ఒట్టీలియా లెంట్‌నర్ ఆ వారంలో ఒక్క కప్పు కాఫీ కూడా వేడిగా తాగలేదు. కలుపుకోవడం, ఒక గుక్క తాగడం, లేచి కిటికీ దగ్గరికి పోవడం, తిరిగొచ్చేసరికి చల్లారిపోయిన కాఫీని పారబోయడం. మళ్ళీ కలుపుకోవడం. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నిలవవు, నిలబడితే నడుము నిలవదు. అరవైకి దగ్గరపడిన మనిషి గడియారం లోలకంలా గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

కిటికీలోంచి కనిపించేది బురద. గాల్వెస్టన్ ఊరిని సముద్రం ఒకసారి మింగబోయి సగంలో వదిలేసింది. రెండోసారి దానికా అవకాశం ఇవ్వకూడదని పెద్దలంతా కూర్చుని ఊరి నేలనే ఎత్తు చెయ్యాలని తీర్మానించారు. తవ్వోడలు సముద్రం అడుగునుంచి ఇసుకనీ నీళ్ళనీ తోడి, మనిషి పట్టేంత గొట్టాల్లోంచి ఒక్కో పేటలో పోస్తున్నాయి. నీళ్ళు ఇంకిపోతాయి, ఇసుక నిలుస్తుంది. ఈలోపల ఎవరి ఇల్లు వాళ్ళు జాకీల మీద పైకి లేపించుకోవాలి. లేపించుకోకపోతే కింది అంతస్తు బురదలో కూరుకుపోతుంది. తోటలన్నీ చచ్చాయి. జనం వీధుల్లో మనిషెత్తు చెక్క వంతెనల మీద నడుస్తున్నారు. ఊరంతా కుళ్ళిన చేపల కంపు. గొట్టం ఇప్పుడు విన్నీ వీధి దాకా వచ్చింది. శనివారానికి ఈ వరస ఇళ్ళ చుట్టూ కట్ట పోసేసి గొట్టం విప్పుతామని చెప్పి వెళ్ళారు.

వీధిలో అందరి ఇళ్ళూ లేచాయి. లెంట్‌నర్ల ఇల్లు మాత్రం లేవలేదు. అదీ ఒట్టీలియా బాధ.

లెంట్‌నర్ల ఇంటి గురించి చెప్పాలంటే ముందు నవ్వు ఆపుకోవాలి. పెద్దాయన పోతూ పోతూ కొడుకులిద్దరినీ ఒకే కప్పు కింద ఉండమన్నాడు. కప్పు కింద ఏముండాలో చెప్పలేదు. పెద్దవాడు ఆగస్ట్‌కి చిన్నప్పుడు రైన్ నది ఒడ్డున చూసిన కోటలే కోటలు. చిన్నవాడు కోన్రాడ్‌కి మిసిసిపీ మీద తిరిగే ఆవిరి ఓడలంటే పిచ్చి. స్థలం మధ్యలో సుద్దగీత గీసుకుని, ఎవరి వైపు వాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు కట్టించారు. ఇంటి పటం గీసిచ్చే పెద్దమనిషి ఆరు నెలలు సర్దిచెప్పి, చివరికి కాగితాలన్నీ చుట్టుకుని హ్యూస్టన్ వెళ్ళిపోయాడు.

ఎడమ వైపు కోట. గుండ్రటి బురుజు, దానిమీద పళ్ళ వరసలాంటి పిట్టగోడ, బాణాలు వేసే సందులు, సూదిమొన కిటికీలు. అంతా చెక్కే. పచ్చి రంగు మీద ఇసుక జల్లి రాయిలా కనిపించేట్టు చేయించాడు ఆగస్ట్. రాళ్ళకి చెదలు పట్టే కోట ప్రపంచంలో అదొక్కటే అని ఊళ్ళో అనేవారు. కుడి వైపు ఓడ. రెండంతస్తుల పొడుగునా వసారాలు, వాటికి అల్లికపనిలాంటి చెక్క నగిషీలు, కప్పు మీద కిరీటాలు పెట్టిన రెండు నల్లటి పొగగొట్టాలు, వాటి ముందు గాజుగది, అందులో నిజం చుక్కాని. కోన్రాడ్ ఆదివారం పూట కెప్టెన్ టోపీ పెట్టుకుని ఆ చుక్కాని పట్టుకుని నిలబడేవాడు. దారిన పోయేవాళ్ళు "ఇవాళ ఎక్కడికి కెప్టెన్?" అంటే "మెంఫిస్‌కి, ఎక్కుతారా?" అనేవాడు.

మధ్యలో మెట్లు ఒకటే. సగం దాకా కలిసి ఎక్కి, అక్కడ పోట్లాడుకున్నట్టు రెండుగా చీలి ఒకటి కోటకీ ఒకటి ఓడకీ పోతాయి. కింద రెండు వాటాల మధ్యగోడలో ఒక తలుపు. ఇక పిలుపుగంటల సంగతి. తీగలు లాగినవాడు తాగి లాగాడో ఏమో, కోటలో తాడు లాగితే ఓడ వంటింట్లో మోగేది, ఓడలో లాగితే కోట వంటింట్లో. సరిచేయించే పని నీదంటే నీదని అన్నదమ్ములు వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ళ పెళ్ళాలు మాత్రం ఆ తప్పుని హాయిగా వాడుకున్నారు. ఒకసారి లాగితే కాఫీకి రమ్మని. రెండుసార్లు లాగితే, మగవాళ్ళు బయటికి పోయారు, తీరిగ్గా రమ్మని.

ఆ ఇద్దరిలో పెద్దది ఒట్టీలియా, జర్మన్ చర్చి మనిషి, నిక్కచ్చి మనిషి. చిన్నది హనోరా, ఐరిష్ పిల్ల, కాథలిక్, నోరు ఊరుకోని మనిషి. ఇప్పుడిద్దరూ విధవరాళ్ళే. ఇద్దరికీ మాటల్లేక ఆరేళ్ళయింది.

తుఫాను నాడు నీళ్ళు వీధిలోంచి గుమ్మాల్లోకి ఎక్కుతుంటే ఊరంతా చేసిన పని ఒకటే. గొడ్డలి తీసి హాలు నేలకి బెజ్జం కొట్టడం. నీళ్ళు లోపలికి రానిస్తే ఇల్లు బరువెక్కి స్తంభాల మీద కూర్చుంటుంది, రానివ్వకపోతే తేలి కొట్టుకుపోతుంది. కోన్రాడ్ తన వాటాలో వెంటనే కొట్టేశాడు. ఆగస్ట్ కొట్టనివ్వలేదు. అతని సంగీతం గది నేల మామూలు నేల కాదు. నాలుగు రకాల చెక్కలు కోసి, గులాబీలూ ద్రాక్షతీగలూ అతికిన నేల. దానిమీద చేతులు చాపి నిలబడ్డాడు. కోట వాటా పైకి తేలడం మొదలైంది. మెట్లు మెలితిరిగాయి. కోన్రాడ్ గొడ్డలితో వచ్చి అన్నని పక్కకి తోసి ఆ గులాబీల మధ్య కొట్టాడు. నీళ్ళు ఎగదన్నాయి, ఇల్లు ధబ్బున కూర్చుంది. కానీ మధ్య తలుపు అప్పటికే బిగుసుకుపోయింది. ఓడ వాటా పై అంతస్తులో ఒంటరిగా ఉన్న భార్య కోసం కోన్రాడ్ బయటి వసారా మీదుగా పోయాడు. వసారా విరిగిపోయింది. అతను దొరకలేదు. ఊళ్ళో దొరకని వేలమందిలో అతనొకడు.

ఆగస్ట్ ఆ గదిలో అడుగుపెట్టలేకపోయేవాడు. ఆ బెజ్జాన్ని చూసి ముఖం తిప్పుకునేవాడు, అన్నం మానేశాడు. ఒట్టీలియాకి అది చూడలేక న్యూ ఆర్లియన్స్ నుంచి పనివాణ్ణి పిలిపించి నేల బాగుచేయించింది. చిన్న గీత కూడా మిగలకుండా చేసిపోయాడు. ఆ రోజు హనోరా వచ్చి చూసింది.

"బాగా అతికిందక్కయ్యా," అంది. వెళ్ళి మధ్య తలుపు గడియ పెట్టుకుంది. అదే ఆఖరి మాట. నేల బాగైనా ఆగస్ట్ బాగవలేదు. రెండేళ్ళకి పోయాడు.

మంగళవారం పొద్దున చర్చి స్నేహితురాలు మిసెస్ ఎబర్లె తన వదినగారిని వెంటబెట్టుకుని ఇల్లు చూపించడానికి వచ్చింది. ఒట్టీలియా మనసు మనసులో లేకపోయినా సంగీతం గది తలుపు తీసింది. ఆ గది చూపించకుండా ఎవర్నీ పంపదు.

"అబ్బ, ఏం నేలండీ," అంది వదినగారు చెప్పులు విప్పాలా వద్దా అని చూస్తూ. "తుఫానుకి ఏమీ కాలేదా?"

"తుఫాను కూడా దీన్ని ముట్టుకోలేకపోయిందండి," అంది ఒట్టీలియా. ఆ మాట ఇప్పటికి ఎంతమందితో అందో ఆవిడకే లెక్క లేదు. అనగా అనగా అది నిజంలాగే వినిపించేది. ఆ రోజు మాత్రం అనేసి గబగబా గది తలుపు వేసేసింది.

వాళ్ళని పంపించేసరికి మేస్త్రీ బార్నబస్ పీల్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇళ్ళు లేపే మేస్త్రీ. నోట్లో పొగాకు, మెడలో ఈల, భారీ మనిషి.

"అమ్మగారూ, మీ తోడికోడలుగారు ససేమిరా అంటున్నారండి."

"ఏమంటుంది?"

"అనేదేముందండి. ఇంటి కిందికి దూరే చిట్టితలుపు వాళ్ళ వైపు ఉంది గదా, దానిముందు ఊగుడు కుర్చీ వేసుకుని అల్లిక పట్టుకుని కూర్చున్నారు. జరగండమ్మా, జాకీలు పెట్టుకోవాలి అంటే, 'నాది ఓడ బాబూ, బురదొస్తే తేలుతుంది. కోటవాళ్ళనే జాగ్రత్తపడమను' అన్నారు. మావాళ్ళంతా నవ్వడం. నవ్వితే పనవుతుందాండీ?"

"మా వైపు మాత్రం లేపెయ్యి."

"లేపొచ్చండి. మిగతా సగం మీకు మళ్ళీ ఏ ఊళ్ళో దొరుకుతుందో చూసుకోవాలి." పొగాకు ఊయడానికి చోటు కనబడక మింగేశాడు. "చూడండమ్మా, గురువారం సాయంత్రం దాకా ఆగుతా. తర్వాత నా మనుషుల్ని తీసుకుని అవతలి వీధికి పోవాలి. శనివారం గొట్టం విప్పితే నేను కాదు గదా, సాక్షాత్తూ మేయరుగారొచ్చినా ఇల్లు లేవదు. మీ గులాబీల నేల మీద ఆరడుగుల బురద."

అతను వెళ్ళాక ఒట్టీలియా ఇంకో కాఫీ కలుపుకుని పారబోసింది. తలకి టోపీ పెట్టుకుంది, తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది. మధ్య తలుపు ముందు కాసేపు నిలబడి, వేలు మడిచి కొట్టబోయి మానేసింది. చివరికి వీధి గుమ్మం దిగి, చెక్క వంతెన ఎక్కి, తన ఇంటి చుట్టూ పరాయిదానిలా తిరిగి ఓడ వాటా వైపు వెళ్ళింది.

హనోరా నిజంగానే చిట్టితలుపుకి అడ్డంగా కూర్చుని మేజోడు అల్లుతోంది. వయసు యాభై దాటినా జుట్టులో ఎరుపు పోలేదు. చుట్టూ తొట్టెల్లో గన్నేరు మొక్కలు, తోట చావకముందే తవ్వి పెట్టుకున్నవి.

"అబ్బో," అంది తలెత్తకుండానే. "కోట దిగి వచ్చారే. ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో."

"జరుగు హనోరా. పనివాళ్ళు లోపలికి వెళ్ళాలి."

"కాఫీ అయిందా? అయ్యుండదులెండి. పొద్దున్నుంచీ మీరు పారబోస్తున్న చప్పుడు గోడలోంచి వింటూనే ఉన్నా. ఊళ్ళో బురద చాలనట్టు మీరు కాఫీ కూడా పోస్తే ఎలాగండీ?"

"నీకు వేళాకోళంగా ఉంది. ఇల్లు పోతుంది. నీదీ పోతుంది."

"నాది పోయి ఆరేళ్ళయింది."

ఒట్టీలియా వంతెన కర్ర పట్టుకుని నిలబడింది. ఏం చెప్పాలో ఇంట్లో నాలుగుసార్లు అనుకుని వచ్చింది. నోటికొచ్చింది మాత్రం వేరే మాట. "ఎందుకిలా మొండికేశావు?" అంది చివరికి, అలసటగా.

హనోరా సూదులు ఆపింది. "మీ నేలని కిందనుంచి ఎప్పుడైనా చూశారా?"

"నేలని కిందనుంచి చూడటమేమిటి?"

"నేను చూస్తా. ఏటా సెప్టెంబర్లో, తుఫానొచ్చిన నాడు, ఈ చిట్టితలుపు తీసుకుని మోకాళ్ళమీద పాకుతూ వెళ్తా. మీ పనివాడు పైన ముక్కలు అతికాడు గానీ కింద దూలాన్ని ముట్టుకోలేదు. దానిమీద గొడ్డలి దెబ్బలు మూడు ఇంకా ఉన్నాయి. ఆ మూడు దెబ్బల్లో వేళ్ళు పెట్టి కాసేపు కూర్చుని వస్తా. ఆయనకి సమాధి లేదు గదా. అదే నా సమాధి." ఆమె గొంతు మామూలుగానే ఉంది, సంతలో చేపల ధర చెబుతున్నట్టు. "పైన మీరు కప్పేశారు. ఇప్పుడు ఇల్లు లేపితే కింద ఊరివాళ్ళు కప్పేస్తారు. ఇక నేనెక్కడికి పోను?"

"నేనేం పాపం చేశాను? చిరిగినదాన్ని కుట్టించుకున్నాను. ఆ నేలంటే మా ఆయనకి ప్రాణం."

"ఆ సంగతి నాకు చెప్తున్నారా?" అంది హనోరా. "దానికోసం పోయింది మా ఆయన ప్రాణం."

ఒట్టీలియాకి ముఖం మీద కొట్టినట్టయింది. వంతెన మీద ఎవరో నడుస్తూ ఆగి, మర్యాద గుర్తొచ్చి వెళ్ళిపోయారు.

"ఒక్కటే మాట," అంది హనోరా మళ్ళీ అల్లిక అందుకుంటూ. "ఆ చోటు పైనుంచి తెరవండి. ఇల్లు లేచి, కింద బురద నిండేదాకా తెరిచి ఉంచండి. నాకందులో ఒక పనుంది. అలా అయితే జరుగుతా. పనివాడిచేత కాదు, మీ చేత్తో తెరవండి. లేదంటే ఇద్దరం కలిసే మునుగుదాం. తోడికోడళ్ళం గదా, తోడుండాలి మరి."

"ఎప్పటికీ తెరవను," అంది ఒట్టీలియా. అని వెనక్కి వచ్చేసింది. వంతెన మీద పరుగులాంటి నడక నడిచింది. కోపం వల్లే అని అనుకుంది.

బుధవారం పీల్ మేస్త్రీ ఖాళీగా ఉండలేక కోట వైపు బయటి అంచు కింద పెట్టిన జాకీల్ని దూలాలకి ఆనేంతవరకు బిగించాడు. అంతే, లేపలేదు. దానికే ఇల్లు ఒళ్ళు విరుచుకుంది. తలుపులు సగంలో ఆగిపోయాయి. గోడగడియారం నిలిచిపోయింది. పింగాణీ బీరువా తనంతట తను తెరుచుకుంది. ఒట్టీలియా వంటింట్లో నిలబడి ఉండగా పైన గంట టింగుమంది.

ఆ గంట మోగాలంటే హనోరా తన గదిలో తాడు లాగాలి. ఒకసారి మోగింది, కాఫీకి రమ్మని. అప్రయత్నంగా చెయ్యి తుడుచుకుని రెండడుగులు వేసింది కూడా. అప్పుడు అర్థమైంది, దూలం కదిలి తీగ సాగిందని. ఎవరూ పిలవలేదు. వంటింటి మధ్యలో నిలబడి ఒట్టీలియా ఏడ్చింది. ఆరేళ్ళుగా తనకి ఒక్కదానికీ కాఫీ కలుపుకుంటూ, ప్రతిసారీ రెండు కప్పుల నీళ్ళు పెట్టడం మానుకోలేకపోయింది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు.

ఆ గంట రోజంతా మోగుతూనే ఉంది. చెక్క కాస్త సర్దుకున్నప్పుడల్లా ఒక టింగు. పారిపోదామంటే చోటు లేదు. బురుజు ఎక్కింది, అక్కణ్ణుంచి చూస్తే వీధి చివర బూడిదరంగు బురద మీద ఎండ మెరుస్తోంది. మేడ దిగింది, బురుజు ఎక్కింది. భర్త పటం ముందు నిలబడి, "మీరైనా చెప్పండి," అంది. ఆగస్ట్ పటంలో గడ్డం నిమురుకుంటూ ఎటో చూస్తున్నాడు. బతికినన్నాళ్ళూ అంతే, ఇబ్బందైన మాట వస్తే ఎటో చూసేవాడు.

గురువారం మధ్యాహ్నం పీల్ మనుషులు జాకీలు విప్పి బండికెక్కించడం మొదలుపెట్టారు. ఇనుము బండిలో పడుతున్న ప్రతి చప్పుడూ ఆమె నడినెత్తిన పడుతోంది. ఒట్టీలియా వెనక షెడ్డులోకి పోయి, పొయ్యికట్టెలు కొట్టే గొడ్డలి తీసుకుని సంగీతం గదిలోకి వచ్చింది. తివాచీ లాగేసింది.

నేల నున్నగా మెరిసింది. గులాబీలు, తీగలు, ఆకులు. ఎక్కడ?

కిటికీకీ పియానోకీ మధ్య అని గుర్తు. వంగి చూసింది. ఏ గులాబీ పాతది, ఏది కొత్తది? మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో తడిమింది. గోరు పెట్టి అతుకు కోసం గీకింది. వేలి కొసకి ఎక్కడా ఏమీ తగల్లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, చెంప నేలకానించి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు చూసింది. ఏమీ లేదు. నేలంతా ఒకే నేల. మనిషి అక్కడ నిలబడి చెమటలు కక్కుతూ గొడ్డలి ఎత్తి ఈ ఇంటిని కాపాడాడు. ఆ చోటు ఎక్కడో ఇంటి ఇల్లాలికి దొరకడం లేదు. తను ఎంత బాగా దాచిందో అప్పుడు తెలిసింది ఒట్టీలియాకి. సిగ్గు నిప్పులా పాకింది.

గోడ దగ్గరికి పోయి గంట తాడు లాగింది. ఒకసారి. ఆగి, రెండోసారి. అవతల ఏ చప్పుడూ వినిపించలేదు. బయట ఇంకో జాకీ బండిలో పడింది. ఇక ఆగలేక తిరిగొచ్చి, గొడ్డలి రెండు చేతులా ఎత్తి, తోచిన గులాబీ మీద వేసింది. గొడ్డలి చెక్కలో అంగుళం దిగి ఇరుక్కుంది. పీకి మళ్ళీ వేసింది. భుజం కలుక్కుమంది. మూడోసారి వేసింది.

మధ్య తలుపు గడియ కీచుమంది. తుప్పు పట్టిన తలుపు రెండుసార్లు తన్నితే గానీ రాలేదు. హనోరా గుమ్మంలో నిలబడింది, చేతిలో మేజోడు అలాగే ఉంది, ముఖం పాలిపోయి ఉంది.

"గంట విన్నావా?" అంది ఒట్టీలియా రొప్పుతూ.

"గంటలో గుడ్డ కుక్కి ఆరేళ్ళయింది. గొడ్డలి చప్పుడు విన్నా." హనోరా మెల్లగా లోపలికి వచ్చింది. నేల మీద పడ్డ మూడు గాట్లు చూసింది. "అక్కడ కాదక్కయ్యా. ఇంకా కిటికీ వైపు. ఇదిగో, ఇక్కడ," అని చెప్పు కొసతో చూపించింది.

"నాకు దొరకలేదే," అంది ఒట్టీలియా. "ఎంత వెతికినా దొరకలేదు."

"అందుకేగా నేను అలిగింది."

హనోరా కిటికీ తీసి, "ఒరే మేస్త్రీ, ఆ బండి ఆపు. నా కుర్చీ తీసెయ్యి," అని అరిచింది. తర్వాత ఇద్దరూ వంతులేసుకుని గొడ్డలి పట్టారు. ఇద్దరికీ చాతకాలేదు. చెక్క ముక్కలు పియానో మీద పడ్డాయి. "పక్కనుంచి కొట్టండి, మీ కాలు మీద వేసుకుంటారు," అని హనోరా, "నువ్వేదో పుట్టినప్పట్నుంచీ కట్టెలు కొట్టినట్టు," అని ఒట్టీలియా. బెజ్జం పడ్డాక కిందినుంచి తడిమట్టి వాసన వచ్చింది. హనోరా బోర్లా పడుకుని చెయ్యి లోపలికి చాపి ఒట్టీలియా చేతిని కూడా లాగింది. దూలం మీద మూడు గాట్లు, లోతుగా, అంచులు ఇంకా పదునుగా. ఒట్టీలియా వాటిలో వేళ్ళు పెట్టింది.

శుక్రవారం పొద్దున ఇల్లు లేచింది. పీల్ డప్పు కొట్టేవాణ్ణి నిలబెట్టి ఈల ఊదితే, ఒక్కో జాకీ దగ్గర ఒక్కో మనిషి ఒకేసారి పావు చుట్టు తిప్పాడు. డప్పు, ఈల, పావు చుట్టు. మళ్ళీ డప్పు. కోట గునిసింది, ఓడ మూలిగింది, మధ్యన మెట్లు పళ్ళు కొరికాయి. బయటికి పొమ్మన్నా వినకుండా తోడికోడళ్ళిద్దరూ బెజ్జానికి అటొకరూ ఇటొకరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కిందనున్న నేల మెల్లగా దూరమైపోవడం చూస్తూ కుర్చీ చేతులు పట్టుకున్నారు.

"మెంఫిస్ ఎప్పుడొస్తుందో," అంది హనోరా.

ఒట్టీలియా నవ్వబోయి, ఆపుకోలేక మళ్ళీ ఏడ్చింది.

శనివారం గొట్టం విప్పారు. ఉరుము ఆగకుండా ఉరిమినట్టు చప్పుడు. స్తంభాల మధ్యనుంచి బూడిదరంగు బురద పాకుతూ వచ్చి, తోటలో మిగిలిన మోళ్ళని మింగి, ఇంటి కిందికి చేరింది. సాయంత్రానికి బెజ్జానికి బాగా దగ్గరగా వచ్చింది. అప్పుడు హనోరా తన వాటాలోకి వెళ్ళి కెప్టెన్ టోపీ తెచ్చింది. బొత్తాలు తోమి మెరిపించి ఉంది. తాడు కట్టి దింపబోయింది. ఒట్టీలియా తాడు రెండో కొస పట్టుకుంది.

టోపీ బురద మీద ఆనింది. కాసేపు తేలింది, ఒకసారి మెల్లగా గుండ్రంగా తిరిగింది. నీళ్ళు ఇంకుతున్నకొద్దీ ఇసుక అంచుల మీదకి ఎక్కింది. హనోరా తన జపమాల తిప్పుకుంటూ తన ప్రార్థన చదివింది, ఒట్టీలియా జర్మన్‌లో తన ప్రార్థన చదివింది. రెండూ కలవలేదు, ఒకరికోసం ఒకరు ఆగనూ లేదు. చీకటి పడకముందే టోపీ కనిపించడం మానేసింది. హనోరా తాడు వదిలేసింది.

"ఇక మూసెయ్యొచ్చు," అంది లేస్తూ. మధ్య తలుపు దగ్గర ఆగింది. "న్యూ ఆర్లియన్స్ వాడికి కబురు పంపుతారా?"

"ఎందుకూ," అంది ఒట్టీలియా. "పీల్ బండిలో పైన్ పలకలున్నాయి. ఒకటి కోసి కొట్టమంటా." ఆగి, "కాఫీ పెట్టాను, రెండు కప్పులు ఉంది," అంది.

శీతాకాలం వచ్చేసరికి వీధి గట్టిపడింది. చెక్క వంతెనలు తీసేశారు. ఇంటి ముందు ఇనప కంచె ఇసుకలో పూడిపోయి మోకాలెత్తు మాత్రం మిగిలింది. కోటా ఓడా కాస్త ఒకదానిమీదికి ఒకటి ఒరిగినట్టు ఉంటున్నాయి, పీల్ మాత్రం ఒప్పుకోడు. మిసెస్ ఎబర్లె వదినగారు మళ్ళీ వచ్చి, ఈసారి తన కోడలికి చూపించాలని సంగీతం గదిలోకి తీసుకొచ్చింది.

గులాబీల మధ్యలో మొరటు పైన్ పలక, మేకుల తలలు కూడా కనిపిస్తూ. పక్కన ఒట్టీలియా వేసిన మూడు గాట్లు, మైనం కూడా పెట్టకుండా అలాగే.

"అయ్యో, ఇదేమిటండీ? అంత మంచి నేలకి ఏమైంది?" అంది వదినగారు.

గోడకి అవతల హనోరా గిన్నెల చప్పుడు ఆగింది. ఒట్టీలియా ఆ చప్పుడు ఆగడం విన్నది. కాస్త గొంతు పెంచింది.

"తుఫాను నాడు అక్కడ మా మరిది కోన్రాడ్ గొడ్డలేశాడు," అంది. "అందుకే ఈ ఇల్లు ఉంది. పక్కన గాట్లు నావి. నాకు చోటు తెలియలేదు."